మిద్దె మీద క్రిస్మస్ కాక్టస్ కొత్త రకాలు: నల్లగొండ, పాలమూరు మొక్కల ప్రియులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల మిద్దెతోటలు పెంచేవాళ్ళు ఈ మొక్క గురించి పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. కొత్త కొత్త రంగులు తీసే పని చల్లని దేశాల నర్సరీలు ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్నాయి, అందులో వాళ్ళతో పోటీ పడాల్సిన పని మనకు లేదు. మన మే నెల ఎండను తట్టుకుని నిలబడి, మన కొద్దిపాటి చలికే నిండుగా మొగ్గ వేసే మొక్క మనకు కావాలి. దాన్ని ఇక్కడి వాళ్ళం ఇక్కడే ఎంచుకోవాలి. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఇది మన నాగజెముడుకు చుట్టమేనా? మరి ఎండలో పెడితే ఎందుకు చచ్చిపోతుంది?

కుటుంబం ఒక్కటే, పుట్టిన చోటు వేరు. దీని సొంత ఊరు ఎడారి కాదు. ఆగ్నేయ బ్రెజిల్‌లో, రియో డి జనీరో వైపు సముద్ర తీరం వెంట ఉన్న కొండల అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద, రాళ్ళ సందుల్లో, నాచు పట్టిన చోట వేళ్ళూనుతుంది. పైన చెట్ల నీడ, చుట్టూ పొగమంచు, వేళ్ళ దగ్గర నీరు నిలవని ఆకుల చెత్త. కాక్టస్ కదా అని నల్లగొండ ఎండలో వదిలేస్తే వారంలోనే ఎర్రబడి వాడిపోతుంది. మనం ఆకులనుకునేవి ఆకులు కావు, బల్లపరుపుగా మారిన కాండం ముక్కలు.

దుకాణాల్లో క్రిస్మస్ కాక్టస్ పేరుతో దొరికేవి చాలావరకు ష్లుంబర్గేరా ట్రంకేటా అనే జాతి సంకరాలు, అంటే వేర్వేరు మొక్కలను కలిపి తీసినవి. కాండం అంచున కోరల్లాంటి పళ్ళుంటాయి, పువ్వు పక్కకు తిరిగి ఉంటుంది, పుప్పొడి పసుపు. అంచులు గుండ్రంగా, పువ్వు కిందికి వేలాడుతూ, పుప్పొడి గులాబీ రంగులో ఉంటే అది బక్లీ రకం. ఈస్టర్ కాక్టస్ అనే మూడోది కూడా అమ్ముతారు. దానికి ఎక్కువ వారాల చలి కావాలి, పై రెండింటితో కలవదు. మన జిల్లాల్లో సంకరం కోసం దాని మీద డబ్బు పెట్టొద్దని నా సలహా.

మనుషులు దీన్ని ఎప్పటినుంచి సంకరం చేస్తున్నారు?

ట్రంకేటాను ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త హావర్త్ 1819లో వర్ణించాడు. 1840ల్లో ఇంగ్లండ్‌లో విలియం బక్లీ దాన్ని రస్సెలియానా అనే ఇంకో జాతితో కలిపాడు. ఇప్పటి అసలు క్రిస్మస్ కాక్టస్ అదే, ఆయన పేరే దానికి ఉంది. పసుపు పువ్వు రావడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది. అమెరికాలోని ఫ్లోరిడాలో కోబియా నర్సరీ వేల మొలకలు పెంచి, అందులోంచి 'గోల్డ్ చార్మ్' అనే పసుపు రకాన్ని తీసింది.

నా మొక్క నిండా పూస్తుంది. నేనే చేత్తో పుప్పొడి రాశాను. అయినా ఒక్క కాయ పట్టలేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఈ మొక్కల్లో చాలావాటికి తన పుప్పొడి తనకు పనికిరాదు. పువ్వు నడుమ దారంలా ఉండేది కీలం, దాని కొస కీలాగ్రం. కీలాగ్రం మీద పడ్డ పుప్పొడి మొలకెత్తి లోపలికి గొట్టంలా పెరగాలి. ఆ గొట్టం సొంత మొక్కదే అయితే కీలంలోని కణజాలం దాన్ని ఆపేస్తుంది. దీన్ని నడిపించేది ఒక్క జన్యు స్థానం, కానీ దానికి చాలా రూపాలుంటాయి. పుప్పొడి మోసుకొచ్చిన రూపం తల్లిలో కూడా ఉంటే తలుపు మూసుకుంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పక్కింటి అక్క ఇచ్చిన కొమ్మతో పెంచిన మొక్క, అక్క ఇంట్లోని మొక్క వేరు కావు. రెండూ జన్యుపరంగా ఒక్కటే. ఒకే నర్సరీలో ఒకే రోజు కొన్న రెండు గులాబీ రంగు కుండీలు కూడా ఒకే తల్లి కొమ్మలై ఉండొచ్చు. అందుకని రంగు వేరుగా ఉన్న రెండు మొక్కలు తీసుకోండి. కనీసం వేర్వేరు చోట్ల కొన్నవైనా తీసుకోండి.

అన్నాచెల్లెళ్ళ మొలకలను తమలో తాము కలిపేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. తల్లిలో అ, ఆ రూపాలు, తండ్రిలో ఇ, ఈ రూపాలు ఉన్నాయనుకోండి. పిల్లలు అ-ఇ, అ-ఈ, ఆ-ఇ, ఆ-ఈ అని నాలుగు రకాలు. ఒకే రకం వాళ్ళిద్దరు కలిస్తే కాయ పట్టదు. అంటే ఎక్కడో ఏ ఇద్దరినో తీసుకుంటే నాలుగో వంతు జతలు వట్టిపోతాయి. ఒక్క జత విఫలమైతే నిరాశ పడకుండా ఇంకో తోబుట్టువుతో ప్రయత్నించండి.

తల్లిగా, తండ్రిగా వేటిని ఎంచుకోవాలి?

నర్సరీ షెల్ఫు మీద అందంగా కనిపించినదాన్ని కాదు. ఊటీ, కొడైకెనాల్, కాలింపాంగ్ వంటి చల్లని చోట్ల పెరిగి, పువ్వుతో దిగిన మొక్క మన దగ్గర మొదటి ఎండకాలం దాటుతుందో లేదో ఎవరికీ తెలియదు. నేను చూసేది రెండు ఎండకాలాలు దాటిన మొక్కలను. మీ వీధిలో, మీ బంధువుల ఇళ్ళలో, ఎప్పుడో తెచ్చి ఏ మెట్ల కిందో వదిలేసినా ఏటా పూస్తున్న పాత మొక్కలు ఉంటాయి. అవి మీ బంగారం. ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి. పువ్వు సాదాగా ఉన్నా సరే, తట్టుకునే గుణం అందులో ఉంది. రెండో వైపు రంగు, రేకుల తీరు, పువ్వు సైజు ఉన్న మొక్కను పెట్టండి.

ఇంకో మాట. కొమ్మలు పొడవుగా వంగిపోయే గుణం, కొమ్మ చివర ఒక్కటే పిలక వేసే గుణం పిల్లలకూ వస్తాయి. ప్రతి ముక్క చివర రెండు, మూడు పిలకలు వేసే మొక్క ఒక్క ఏడాదిలోనే గుబురవుతుంది, పూల సంఖ్య కూడా ఆ మేరకే పెరుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కటైనా అలాంటిది ఉండేట్టు చూసుకోండి.

పుప్పొడి రాయడం ఎలా? ఏ వేళకు?

పువ్వు విచ్చుకున్న మొదటి రోజో, రెండో రోజో, ఉదయం పూట. ట్రంకేటా పువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. వెనక్కి మడిచిన రేకుల మధ్యలోంచి తెల్లని కేసరాలు ఒక కట్టలా ముందుకు పొడుచుకొస్తాయి, వాటి చివర పసుపు పుప్పొడి. ఆ కట్ట నడుమ నుంచి మెజెంటా రంగు కీలం దారంలా ఇంకొంచెం ముందుకు సాగి ఉంటుంది. దాని కొసన చిన్న ముద్దలా కనిపించేదే కీలాగ్రం. పుప్పొడి దాని మీద పడాలి.

తల్లి పువ్వులో కేసరాలను ముందే చిన్న కత్తెరతో తీసేయండి. సొంత పుప్పొడితో కాయ పట్టని మొక్కే అయినా ఇది మంచి అలవాటు, తండ్రి ఎవరన్న అనుమానం రాదు. తండ్రి పువ్వులోంచి ఒక కేసరాన్ని పట్టకారుతో తుంచి, కీలాగ్రం మీద పసుపు పొడి కంటికి కనిపించేదాకా మెల్లగా రాయండి. బ్రష్ కంటే ఇదే నయం. బ్రష్‌లో నిన్నటి పుప్పొడి మిగిలి లెక్క తప్పుతుంది. బ్రెజిల్‌లో ఈ పని హమ్మింగ్‌బర్డ్‌లు చేస్తాయి. మన మిద్దెల మీద తేనెపిట్టలు, తేనెటీగలు తిరుగుతుంటాయి కాబట్టి రెండు మూడు రోజులు పల్చని వల సంచి తొడగండి.

వెంటనే చీటీ కట్టండి. తల్లి పేరు ముందు, తర్వాత గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు, తేదీ. ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిల్‌తో రాయండి, మార్కర్ సిరా మన ఎండకు ఒక్క వేసవిలో వెలిసిపోతుంది. చీటీ లేని కాయ ఎంత బాగా పండినా సంకరం పనికి అది లేనట్టే.

ఫలించకపోతే పువ్వు అండాశయంతో సహా ఊడి రాలిపోతుంది. ఫలిస్తే పువ్వు ఎండి వేలాడుతుంది, దాని మొదట్లో పచ్చని పూస కొమ్మకే అతుక్కుని ఉంటుంది.

మొగ్గలు ఎప్పుడు వస్తాయి? వచ్చినవి ఎందుకు రాలిపోతున్నాయి?

ఇది పొడవాటి రాత్రులు చూసి పూసే మొక్క. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల దగ్గర ఉన్నాం. సెప్టెంబర్ 23 తర్వాత పగలు 12 గంటలకు తగ్గుతుంది, డిసెంబర్ 21 నాటికి 11 గంటల దగ్గరికి వస్తుంది. అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే రోజుల నుంచే ఈ మొక్కకు కాలం మొదలైనట్టు. ఒక్క రాత్రి పొడుగే చాలదు. రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే మొగ్గ హాయిగా కడుతుంది, 24 దాటితే మొరాయిస్తుంది. బతుకమ్మ నాటికి మన రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి కాబట్టి దీపావళి తర్వాత మొగ్గలు, డిసెంబర్, జనవరి నెలల్లో పూలు అనుకోండి. అందరికంటే ముందు మొగ్గ వేసిన మొలక కనిపిస్తే దానికి గుర్తు కట్టుకోండి, వెచ్చని రాత్రుల్లో కూడా మొగ్గ వేయగలిగింది అదే.

వీధిలైటు వెలుగు మొక్క మీద పడితే దానికి రాత్రి రాత్రిలా ఉండదు. సాయంత్రం నుంచి ఉదయం దాకా అట్టపెట్టె బోర్లిస్తే చాలు.

మొగ్గలు రాలడానికి కారణాలు చాలా ఉన్నాయి: వేర్లు ఎండిపోవడం, కుండీ చోటు మార్చడం, ఉన్నట్టుండి వేడి గాలి తగలడం. మన దగ్గర ఇంకోటి ఉంది. సరిగ్గా మొగ్గ కట్టే నెలల్లోనే సీతాఫలాల కాలం. బాలానగర్ కాయలు తెచ్చి ఇంట్లో మాగబెడతాం. పండుతున్న సీతాఫలం నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది. అది మొగ్గలను రాల్చేస్తుంది. మాగబెట్టిన గంపనూ, మొగ్గతో ఉన్న కుండీనీ ఒకే గదిలో పెట్టొద్దు. అరటి గెలకు కూడా ఇదే వర్తిస్తుంది.

కాయ ఎప్పుడు కోయాలి? గింజలు ఎలా తీయాలి?

తొందర వద్దు. డిసెంబర్‌లో పట్టిన కాయ రంగు తిరిగి మెత్తబడేసరికి మళ్ళీ వానాకాలం చివరికొస్తుంది. పండాక కూడా చాలా వారాలు కొమ్మను విడవదు, కుళ్ళదు. అక్టోబర్, నవంబర్ దాకా ఉంచి కోస్తే విత్తడానికి వాతావరణం కూడా కలిసొస్తుంది.

కాయను చీల్చితే జిగురు గుజ్జులో నల్లగా మెరిసే సన్నని గింజలు. బాగా ఫలించిన కాయలో వంద దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటాయి. టీ జల్లెడలో వేసి, వేళ్ళతో రుద్ది, గుజ్జు పోయేదాకా కడిగి, కాగితం మీద రెండు రోజులు నీడన ఆరబెట్టండి. జల్లించిన కొబ్బరి పొట్టు, సన్న ఇసుక కలిపి, వేడినీళ్ళు పోసి చల్లార్చిన మిశ్రమం మీద చల్లండి. పైన మట్టి కప్పొద్దు, వెలుతురు తగలాలి. మూతున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా చాలు. 22 నుంచి 25 డిగ్రీల మధ్య రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. ముందు రెండు లావుపాటి బీజదళాలు, వాటి మధ్య చిన్న నూగుతో ఒక పిలక. బల్లపరుపు ముక్కలు ఆ తర్వాత వస్తాయి.

చిన్న మొలకలను ఎండకాలం ఎలా దాటించాలి?

పనంతటిలో కష్టమైన భాగం ఇదే. మార్చి నుంచి జూన్ దాకా తూర్పు లేదా ఉత్తరం వైపు వరండాలో, నీడవల కింద పెట్టండి. సిమెంటు మిద్దె నేల మీద నేరుగా పెట్టొద్దు, సాయంత్రం ఏడింటికి కూడా అది సెగలు కక్కుతుంది. బల్ల మీదో, ఇటుకల మీదో ఎత్తుగా ఉంచాలి. వేడికి వాడినట్టు కనిపిస్తే చాలామంది నీళ్ళు పోస్తారు. 40 డిగ్రీల వేడిలో ఈ మొక్క వేర్లు నీళ్ళు తాగడం దాదాపు ఆపేస్తాయి, పోసిన నీళ్ళు కుళ్ళుకే దారి తీస్తాయి. సాయంత్రం పూట కొద్దిగా, కుండీ పైపొర ఆరాకే పోయండి.

ఇంకో దారి అంటు. మన జిల్లాల్లో ఇప్పుడు డ్రాగన్ ఫ్రూట్ తోటలు వచ్చాయి, కత్తిరించి పారేసే కొమ్మలు అడిగితే ఇస్తారు. వేర్లు వచ్చిన డ్రాగన్ కొమ్మ కొస కోసి, నడిమి ఈనె దగ్గర చీల్చి, మొలక ముక్కను రెండు వైపులా పల్చగా చెక్కి దింపి, ముల్లుతో గుచ్చి నిలబెట్టండి. రెండూ ఒకే కుటుంబం కాబట్టి అతుకుతాయి. బత్తాయి అంట్లు కట్టిన చేతులకు ఇది చాలా తేలిక. డ్రాగన్ వేర్లు వేడిని బాగా ఓర్చుకుంటాయి, మొలక వేగంగా పెరిగి ముందే పూస్తుంది. అయితే ఒక జాగ్రత్త: అంటు మీద బతికిన మొలక తన సొంత వేర్ల మీద కూడా ఎండకాలం తట్టుకుంటుందని అనుకోవద్దు. పువ్వు చూడటానికి అంటు కట్టండి, రకంగా నిలబెట్టాలా వద్దా అనేది సొంత వేర్ల మీద పెంచి తేల్చుకోండి.

బోరు నీళ్ళు పోయొచ్చా?

నల్లగొండ జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఈ మొక్కకు అంతకంటే పెద్ద చిక్కు ఆ నీళ్ళలోని క్షారం, ఉప్పు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే అదే. ఈ మొక్కకు కొంచెం ఆమ్ల స్వభావం ఉన్న మట్టి ఇష్టం. వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకుంటే అంతకు మించింది లేదు. లేకపోతే తాగే ఫిల్టర్ నీళ్ళు పోయండి. ఫిల్టర్ మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నీలం రంగు తీయొచ్చా?

కుదరదు. కాక్టస్‌లలో పూల రంగులు బెటలైన్ అనే వర్ణకాల వల్ల వస్తాయి. బీట్‌రూట్‌లో, కాగితం పూలలో, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వులో ఉన్నవీ ఆ జాతివే. వాటిలో ఒక వర్గం ఎరుపు-ఊదా, ఇంకో వర్గం పసుపు. రెండూ కలిస్తే నారింజ, రెండూ లేకపోతే తెలుపు. నీలం ఆ సరంజామాలో లేదు. నెట్‌లో నీలం క్రిస్మస్ కాక్టస్ గింజలని అమ్మేవి కొనకండి.

పసుపుతో గులాబీని కలిపితే ఏమొస్తుంది?

తొలితరంలో సాధారణంగా గులాబీ, ఎరుపు ఛాయలే వస్తాయి, పసుపు కనబడదు. ఎరుపు వర్ణకం తయారైనంతసేపు పసుపు దాని చాటునే ఉంటుంది. ఆ పిల్లలను తమలో తాము కలిపితేనో, మళ్ళీ ఆ పసుపు మొక్కతోనే కలిపితేనో కొన్నింటిలో పసుపు బయటపడుతుంది. అంటే ఇంకో మూడు నాలుగేళ్ళ ఓపిక. 'గోల్డ్ చార్మ్' దొరికితే పువ్వు చూసుకోండి, సంకరానికి పనికిరాదు. అది రెండుకు బదులు మూడు సెట్ల క్రోమోజోములున్న మొక్క, వంధ్య. తర్వాత వచ్చిన పసుపు రకాలు వాడాలి.

ఈ విషయంలో మన వాతావరణం మనకు కలిసొస్తుంది. మొగ్గ పెరిగేటప్పుడు రాత్రి వేడి 14, 15 డిగ్రీల కంటే తగ్గితే పసుపు, తెలుపు పూలకు గులాబీ చాయ ఎక్కుతుంది. చల్లని దేశాల వాళ్ళు దీనికోసం గదులు వేడి చేస్తారు. మనకు చాలా రాత్రులు ఆ అవసరమే రాదు, పసుపు పసుపుగానే విచ్చుకుంటుంది.

ఎన్ని మొలకలు పెంచాలి? మంచిదాన్ని ఎలా గుర్తించాలి?

మీరు నిజంగా చూసుకోగలిగినన్ని. గింజ నుంచి పువ్వుకు రెండు మూడేళ్ళు పడుతుంది. మొదటి ఏడు పువ్వు చూసి తీర్పు చెప్పొద్దు. తొలి పూత చిన్నగా, వంకరగా రావడం మామూలే.

నేను ఏరే వరుస ఇది. మొదటి ఎండకాలం దాటినవి ముందు. తర్వాత వేర్లు: రెండు ముక్కల కొమ్మ తుంచి, ఒకటి రెండు రోజులు ఆరబెట్టి నాటితే నెలలోపు వేరు పట్టాలి. తర్వాత గుబురు. పువ్వు సంగతి చివరన: మొగ్గ రాలకుండా నిలుస్తుందా, ఒక్కో పువ్వు ఎన్ని రోజులు ఉంటుంది, రంగు రెండో ఏడు కూడా అదే వస్తుందా. నచ్చిన మొలక నుంచి నాలుగైదు కొమ్మలు నాటి, వేర్వేరు ఇళ్ళలో ఒక ఎండకాలం ఉంచండి. మిర్యాలగూడలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి, పట్నంలో చెల్లె ఇంట్లో ఒకటి. అన్నిచోట్లా బతికి ఒకేలా పూస్తే అది రకం. మీ వరండాలో మాత్రమే బాగుంటే గొప్పతనం వరండాది.

ఉన్న మొక్కలోనే ఒక కొమ్మకు వేరే రంగు పువ్వు వచ్చింది. అది కొత్త రకమా?

కావొచ్చు. ముందు అది చలి వల్ల వచ్చిన చాయేమో చూడండి. మరుసటి ఏడు కూడా అదే కొమ్మకు అదే రంగు వస్తే ఉత్పరివర్తనం, అంటే ఆ కొమ్మ జన్యువుల్లోనే వచ్చిన మార్పు. పూర్తిగా కొత్త రంగు పూసిన ముక్కను తుంచి వేరుగా పెంచండి, దాని పిలకల నుంచి మళ్ళీ కొమ్మలు తీయండి. సగం సగం రంగున్న ముక్క నుంచి తీస్తే పాత రంగే తిరిగి రావచ్చు.

పేరు పెట్టుకోవచ్చా? హక్కులు వస్తాయా?

పేరు మీ ఇష్టం, కొన్ని నియమాలున్నాయి. సాగు రకం పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు, 30 అక్షరాలు మించకూడదు. 1959 జనవరి 1 నుంచి లాటిన్ పేర్లు పెట్టడం కుదరదు. ఊరి పేరు, వాగు పేరు బాగుంటాయి.

చట్టబద్ధమైన రక్షణ మన దేశంలో మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001 కింద ఉంటుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన పంటల జాబితాలో ఉన్నవాటికే దరఖాస్తు తీసుకుంటారు, కాబట్టి ముందు ఆ జాబితా చూడండి. రకం కొత్తదై, ఉన్నవాటికి భిన్నంగా, అన్ని మొక్కల్లో ఒకేలా, తరాలు మారినా మారకుండా ఉండాలి. దరఖాస్తుకు ఏడాదికి మించి ముందే మన దేశంలో అమ్మి ఉంటే కొత్తదిగా లెక్కలోకి రాదు. చెట్లు, తీగలు కాని మొక్కలకు రక్షణ 15 ఏళ్ళు. వేరొకరి నమోదైన రకాన్ని మీ సంకరానికి తల్లిగా వాడుకోవచ్చు. మీ రకం అమ్మకానికి ఆ తల్లిని పదేపదే వాడాల్సి వస్తేనే వాళ్ళ అనుమతి కావాలి.

స్నేహితులకు కొమ్మలు పంచేటప్పుడు ఏం చూసుకోవాలి?

కత్తి. కాక్టస్‌లకు సోకే వైరస్‌లు కోసిన రసం ద్వారా ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతాయి, సోకిన మొక్కకు మందు లేదు. ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మధ్య బ్లేడును మంట మీద చూపండి, లేదా అసలు బ్లేడే వాడకుండా కణుపు దగ్గర వేళ్ళతో మెలిపెట్టి తుంచండి. కణుపుల్లో తెల్లని దూదిలా పిండినల్లి ఉందేమో చూసి, ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాకే ఇవ్వండి. కొమ్మతో పాటు చీటీ కూడా ఇవ్వండి. తల్లి, తండ్రి, విత్తిన ఏడు, ఎన్ని ఎండకాలాలు దాటిందో అందులో రాయండి.